ఊపిరి జాగాలో మంచు

మా చిన్నాయన పోయాడన్న వార్త నాకు వేములవాడ బస్టాండులో తెలిసింది. జగిత్యాల నుంచి వచ్చి సిరిసిల్ల బస్సు కోసం నిలబడి ఉన్నాను. పక్కన ఒక కుటుంబం గుళ్లో కోడెను కట్టి మొక్కు తీర్చుకుని వచ్చినట్టుంది, గుండ్లకు గంధం పూసుకుని పులిహోర పొట్లాలు విప్పుకుంటున్నారు. అప్పుడు కోరుట్ల నుంచి చెల్లె ఫోను చేసింది. చెల్లె అంటే చిన్నాయన ఒక్కగానొక్క బిడ్డ. "అన్నా, నాయిన పోయిండు. పొద్దుగాల చాయ తాగి గోడకు ఒరిగిండట, గట్లనే పోయిండట. అమ్మ ఫోన్ జేసింది. నేను బయలెల్లిన, నువ్వు గూడ రా" అంది. నేను ఆయన దగ్గరికే పోతున్నానని చెప్పబోయి, "అస్తున్న" అని మాత్రం అన్నాను.

చిన్నాయన ఊరు ఎల్లంతకుంట దగ్గర. సిరిసిల్ల మీదుగా పోవాలి. ఇంకొకరైతే ఆటో మాట్లాడుకుని నేరుగా పోయేవారు. నేను సిరిసిల్లలో దిగి ముందు నా పుస్తకం అచ్చేసే ప్రెస్సుకు పోయాను. ఇంట్లో శవం ఉండగా కాయితాల కోసం పోయినవాణ్ని మీరేమనుకుంటారో నాకు తెలుసు. ఆ పూట నన్ను నేనూ అదే అనుకున్నాను. కానీ ఎందుకు పోయానో చెప్పకుండా మా చిన్నాయన గురించి చెప్పడం నా వల్ల కాదు.

మాది కల్లు గీసే ఇల్లు. మా నాయన బడిపంతులయ్యాడు, ఆయన తమ్ముడు మోకు భుజాన వేసుకున్నాడు. మోకు అంటే నడుమునూ చెట్టునూ కలిపి చుట్టుకునే తాడు. దాన్ని ఎగదోస్తూ, పాదం పైకి జరుపుతూ తాటిచెట్టు ఎక్కాలి. చిన్నాయన ఐదుసార్లు మోకు జరిపి ఆగేవాడు. వెనక్కి ఒరిగి, నిండా ఊపిరి తీసుకుని, చుట్టూ ఒకసారి చూసి, మళ్లీ ఐదు జరిపేవాడు. ఎంత పొట్టి చెట్టయినా అంతే. నేను కాలేజీలో చదివే రోజుల్లో ఒకసారి, నాకు తెలిసిందంతా ఆయనకు తెలియదనుకునే వయసులో, "అలవకుండనే ఎందుకు ఆగుతవు చిన్నాయినా?" అని అడిగాను.

"అలిసినంక ఆగుడేంది కొడుకా? అలిసినంక పడుడే ఉంటది. అలవక ముందే ఆగాలె" అన్నాడు.

మాట్లాడేటప్పుడూ అదే తీరు. ఫోనులో సగం మాట చెప్పి ఆగిపోయేవాడు. లైను పోయిందనుకుని నేను "హలో, హలో" అని అరుస్తుంటే, "ఉన్న రా, ఊపిరి గూడ దీస్కోనియ్యవా" అని కసురుకునేవాడు. నేను జగిత్యాలలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ని. గంట కొట్టేలోపు పాఠం కావాలి. ఆగడం నాకు చేతకాదు.

చెట్లు ఎండిపోయిన రోజుల్లో ఆయన కూడా అందరిలాగే దేశం పోయాడు. మా వైపు వాళ్లు దుబాయికో మస్కట్‌కో పోతే, ఈయన పోయి పోయి ఇరాక్‌లో, ఎర్బిల్ అనే ఊళ్లో తేలాడు. అక్కడ ఒక రొట్టెల బట్టీలో పని. తిరిగొచ్చాక ఊరంతా "ఇరాక్ సేటు" అని ఆటపట్టించేది. సేటు తెచ్చిన సంపాదన ఏమిటయ్యా అంటే, మోకాళ్ల నొప్పులూ, గోధుమ రొట్టె ఒత్తే పద్ధతీ, మూడు పంక్తుల పాటా. మొదటిది చిన్నమ్మకు కనిపించింది, రెండోది చిన్నమ్మకు నచ్చింది. మూడోది నా దాకా వచ్చింది.

ఆ పాట ఇచ్చినాయన్ను చిన్నాయన ఉస్తాద్ అనేవాడు. కుర్దు మనిషి. ఇరాన్ వైపు కొండల్లో బడిపంతులుగా చేసి, ఏ కష్టం వచ్చిందో సరిహద్దు దాటి వచ్చి ఆ బట్టీలో పిండి కలిపేవాడు. ఇంట్లో కుర్దు భాష, బళ్లో ఫార్సీ. ఫార్సీలో కవిత్వం రాసేవాడు, ఒక్కటీ అచ్చు కాలేదు. చిన్నాయనకు ఫార్సీ రాదు, ఉస్తాదుకు తెలుగు రాదు. అయినా దర్వాజ, జమీన్, ఆస్మాన్, దోస్తు లాంటి మాటలు ఇద్దరికీ పుట్టుకతో వచ్చినవే. మిగతాది చిన్నాయన దుకాణాల్లో నేర్చిన ఉర్దూ, చేతులు, కళ్లు.

పిండి ముద్ద పరిచి, కాల్చే ముందు వేళ్ల కొసలతో దాన్ని గుంటలు పడేలా ఒత్తాలి. ఉస్తాదు ఒక చేతి ఐదు వేళ్లు ఒత్తి, ఆగి, రెండో చేతి ఐదు వేళ్లు ఒత్తేవాడట. ఒత్తుతూ తను రాసుకున్న ఫార్సీ పంక్తులు పాడేవాడట. మిగతా పనివాళ్లు నవ్వేవారు. మోకు మీద బతికిన మా చిన్నాయన మాత్రం నవ్వలేదు. ఆ ఆగడం ఏమిటో ఆయనకు పాట అర్థం కాకముందే అర్థమైంది.

ఉస్తాదు చెప్పిందాన్ని చిన్నాయన నాకు ఇలా చెప్పాడు. "పాత ఫార్సీ కవులు మాటను తూచేటోళ్లట కొడుకా, బంగారం దుకాన్ల తూచినట్టు. గీ అక్షరం పొడుగు, గా అక్షరం పొట్టి అని. మా అమ్మలు తూచలే, అక్షరాలు లెక్కవెట్టిండ్రు అన్నడు. ఐదు. ఊపిరి. మల్ల ఐదు. గంతే."

టెహ్రానులో కొత్త కవులు ఆ పాత త్రాసును పక్కన పెట్టినప్పుడు, కొండల నుంచి దిగి వచ్చిన కొందరి చెవుల్లో ఈ లెక్క మిగిలి ఉందనీ, కొత్త ఫార్సీ కవిత్వం నడుస్తుంటే వెనక కుర్దు ఆడవాళ్ల పాటల అడుగు వినిపిస్తుందనీ ఉస్తాదు గట్టి నమ్మకం. తర్వాత నేను దొరికినంత చదివాను. ఒప్పుకునేవాళ్లు ఉన్నారు, అంత లేదనేవాళ్లూ ఉన్నారు. తేల్చడానికి నా చదువు చాలదు. పండితుల్లో పేచీ ఉందని చెబితే చిన్నాయన ఒకటే అడిగాడు. "గాళ్లు ఎన్నడన్న రొట్టె ఒత్తిండ్రా?"

ఒక చలికాలమంతా ఇద్దరూ కూర్చుని ఆ మూడు పంక్తులను తెలుగు చేశారు. ఉస్తాదు అర్థం చెప్పేవాడు, చిన్నాయన మన మాట వెతికేవాడు, ఉస్తాదు ఆ మాటకు అర్థం తెలియకపోయినా వేళ్ల మీద లెక్క చూసేవాడు. లెక్క తప్పితే తల అడ్డంగా ఊపేవాడు. తెలుగు ముక్క రాని మనిషి తెలుగు పాటకు తప్పులు దిద్దడం నేను ఇంకెక్కడా వినలేదు. చివరికి కుదిరింది ఇది:

కొండెక్కినోళ్లు — కొండ దిగలే
చలి ముదిరె — దారి మునిగె
తల్లి దర్వాజ — తెర్సె ఉన్నది

"నీ కాడ ఉంచు" అన్నాడట ఉస్తాదు. "మీ దేశంల అచ్చేయించు. నా కాడ ఉంటే నాతోనే పోతది." కొన్నాళ్లకు తల్లికి బాగాలేదని కబురు వస్తే, మంచు పడే రోజుల్లోనే కొండ దాటడానికి బయలుదేరాడు. మళ్లీ బట్టీకి రాలేదు. ఆయన ఇల్లు చేరాడో లేదో చిన్నాయనకు ఎప్పటికీ తెలియలేదు.

నేను ఉర్దూ నుంచి కొత్త ఫార్సీ కవితలను తెలుగు చేసి ఒక చిన్న పుస్తకం వేస్తున్నప్పుడు చిన్నాయన ఆ పాట నా చేతిలో పెట్టాడు. నాకు నచ్చింది. పుస్తకం చివర వేసుకున్నాను. అయితే నేను ఛందస్సు చెప్పే మనిషిని. పొట్టి అక్షరానికి ఒకటి, పొడుగు అక్షరానికి రెండు చొప్పున లెక్కేస్తే మొదటి పంక్తికి పదిహేను మాత్రలు వచ్చాయి, మూడోదానికి పదిహేను వచ్చాయి, నడిమిదానికి పదకొండే. పాపం, చదువు తక్కువ వాళ్ల పని, కుదరలేదనుకున్నాను. నాలుగు మాత్రల మాట ఒకటి వెతికి తెచ్చి నడుమ పెట్టాను. 'చలి ముదిరె, మంచున దారి మునిగె.' పదిహేనుకు పదిహేను. ఎంత మురిసిపోయానో చెబితే సిగ్గు. కింద 'అజ్ఞాత కవి' అని వేసి, పక్కన అనువాదం అని నా పేరు వేసుకున్నాను.

జగిత్యాలలో పుస్తకం సభకు చిన్నాయన రెండు బస్సులు మారి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల బట్టలు, కొత్త తువ్వాల, చివరి వరుస. నేను ఆ మూడు పంక్తులూ చదివాను. ఎవరో పెద్దమనిషి లేచి, "ఈ నడక మీకెక్కడ పట్టుబడింది?" అని అడిగాడు. చివరి వరుసలో ఆయన నాకు కనిపిస్తూనే ఉన్నాడు. "ఏళ్ల తరబడి ఛందస్సుతో కుస్తీ పట్టిన ఫలితం" అన్నాను. అందరితో పాటు చిన్నాయన కూడా చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లు గుర్తొస్తే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

సభ అయ్యాక ఆయన్ని కోరుట్లలో చెల్లె ఇంటికి నేనే తీసుకుపోయాను. భోజనాలయ్యాక పుస్తకం తెమ్మన్నాడు. చదివింది ఐదో తరగతి, వేలు పెట్టుకుని చదివేవాడు. వేలు మొదటి పంక్తి దాటింది, రెండోదాంట్లో ఆగింది.

"గీ మంచు యాడికెల్లి అచ్చింది?"

"లైను పొట్టిగైంది చిన్నాయినా. పైన పదిహేను, కింద పదిహేను. నడుమ నాలుగు తక్కువవడ్డయి. ఒక్క మాట కలిపిన. అర్థం ఏం మారలే" అన్నాను.

ఆయన తల వంచి ఆ పంక్తి మీద మళ్లీ వేలు జరిపాడు. ఒప్పుకున్నాడనుకున్నాను. చెల్లె గిన్నెలు సర్దడం అయిపోయింది. అప్పుడన్నాడు.

"ఊపిరి దీస్కునే జాగల మంచు నింపినవ్ కొడుకా."

నేను ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉస్తాద్ గాడ ఆగుతుండె. చలి ముదిరె అని ఆగి బట్టీ దిక్కు జూస్తుండె. జూసి జూసి, గప్పుడు దారి మునిగె అంటుండె. దారి మునిగింది అని చెప్పుడు గంత అల్కగుంటదా? వాని తమ్ముడు గా దారి మీదనే పోయిండు."

తమ్ముడి సంగతి నాకు అంతవరకూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆయన వేలు కిందికి జారి 'అజ్ఞాత కవి' దగ్గర నిలిచింది.

"గిదేంది?"

"ఎవరో తెల్వనోడు అని."

"నాతోని నాలుగేండ్లు రొట్టెలు జేసిండు. తెల్వనోడెట్లయితడు?"

"మరి పేరేంది?"

"పేరు అడగలే. కాయిదాలు లేనోళ్లను పేరు అడగద్దని ఆడ అందరికి ఎర్క. ఉస్తాద్ అంటే పలుకుతుండె."

నాకు కోపం వచ్చింది. తప్పు దొరికినవాడికి వచ్చే కోపం. "అచ్చయిపోయింది గదా చిన్నాయినా, ఇప్పుడేం జేస్తం?" అన్నాను, చెల్లె వంటింట్లోంచి తొంగి చూసేంత గట్టిగా.

ఆయన గొంతు పెంచలేదు. "నీ పేరు తీసెయ్యమంటలే. నా పేరు వెట్టమంటలే. వాడు నన్ను నమ్మి ఇచ్చిండు. నేను నిన్ను నమ్మి ఇచ్చిన. గా మంచు ఒక్కటి తీసెయ్" అన్నాడు.

చాలా నెలలు నేను ఆ ఊరివైపు పోలేదు. పనులున్నాయని చెప్పుకున్నాను. ఒకరోజు క్లాసు లేని పూట తలుపు వేసుకుని ఆ పంక్తిని గట్టిగా చదివాను. మూడుసార్లు చదివాను. మూడుసార్లూ 'మంచున' దగ్గర ఊపిరి చాల్లేదు. ఆ మాట తీసేసి, అక్కడ ఆగి చదివాను. చలి ముదిరె. ఆ ఆగిన చోట నాకు ఒక బట్టీ మంటా, దాన్నే చూస్తున్న ఒక మనిషీ కనిపించారు. ఇంత చదువూ చదివి, నా ఊపిరి ఎక్కడ ఆడటం లేదో ఇంకొకరు చెప్పేదాకా నాకు తెలియలేదు.

ఆ ఆదివారమే పోయి చిన్నాయన ముందు కూర్చున్నాను. ఆయన పీట మీద పిండి ఒత్తుతున్నాడు. "తప్పు నాదే చిన్నాయినా. మల్ల అచ్చేయిస్త" అన్నాను. "సభల అబద్ధం జెప్పిన" అని కూడా అన్నాను. అది అంటున్నప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను. ఆయన ఐదు వేళ్లు ఒత్తి, ఆగి, ఐదు ఒత్తి, రొట్టెను పెనం మీద వేశాడు. "తిను, సల్లారుతది" అన్నాడు. అంతకు మించి ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. క్షమించడం కూడా ఆయన అట్లా పని మధ్యలో, చెయ్యి ఆపకుండా చేసేశాడు.

కానీ ఫోను చేసినప్పుడల్లా అడిగేవాడు. "మంచు కరిగిందా?"

"కరుగుతది చిన్నాయినా."

ప్రెస్సు వాళ్లు ఖాళీ లేరనో, నాకు పరీక్షల పేపర్లున్నాయనో, పుస్తకం మొత్తం ఒకసారి దిద్దాలనో, వానాకాలం పోయింది, చలికాలం పోయింది. ఆలస్యం అంతా నాదే, ఇంకెవరి మీదా వేయను. ఇరాక్ నుంచి వచ్చాక మళ్లీ పట్టిన మోకును, మోకాళ్లు పట్టేసి ఆయన వదిలేశాడు. తర్వాత ఫోనులో ఆయన ఆగే సమయం పెరిగింది. నేను "హలో, హలో" అనడం మానేశాను. ఆ ఖాళీలో ఆయన ఊపిరి వింటూ కూర్చునేవాణ్ని. పోయిన వారం, "ఈ సోమవారం పేజీ తీస్కొని నీ కాడికే అస్తున్న" అన్నాను. "రా. ఉంట" అన్నాడు.

అదీ సంగతి. అందుకే ఆ సోమవారం నేను బస్టాండులో ఉన్నాను, అందుకే ముందు ప్రెస్సుకు పోయాను. పేజీ తీసి చూస్తే 'మంచున' లేదు, కానీ నడిమి ఖాళీ కూడా లేదు. మూడు పంక్తుల్లోనూ మాటలన్నీ దగ్గరికి జరిగిపోయి ఉన్నాయి. కంప్యూటరు ముందున్నాయన, "నడుమ జాగ ఎక్కువవడ్డది సార్, తప్పు కొట్టిండ్రేమో అని నేనే కలిపిన" అన్నాడు. ఆయనను ఏమనగలను? నేను మాత్రం చేసింది వేరా? "మా చిన్నాయన సచ్చిపోయిండు, గా జాగ మల్ల వెట్టు" అన్నాను. ఆ రెండు మాటలకూ సంబంధమేమిటో అడగకుండా, ఆయన నా ముఖం చూసి కుర్చీ జరిపాడు. నేను పక్కన నిలబడి మూడు పంక్తుల్లోనూ ఖాళీ పెట్టించాను.

ఇల్లు చేరేసరికి వాకిట్లో జనం. చెల్లె నాకంటే ముందే వచ్చింది. చిన్నాయన్ను అరుగు మీద పడుకోబెట్టారు. చిన్నమ్మ ఆయన తల దగ్గర కూర్చుని ఉంది. ఎందుకు ఆలస్యమైందని ఎవరో అడిగారు. నేను చెప్పులు విడుస్తుంటే చిన్నమ్మ తలెత్తి నా చేతిలోని కాయితం చూసింది. అక్షరం రాని మనిషి.

"మంచు కరిగిందా కొడుకా?" అంది.

అప్పటిదాకా ఆపుకున్నదంతా అక్కడ తెగిపోయింది. ఆ మాటకు జవాబు వినాల్సిన మనిషి నా ముందే పడుకుని ఉన్నాడు. నేను ఒక్క వారం ముందు రాగలిగినవాణ్ని. ఒక్క ఏడాది ముందు రాగలిగినవాణ్ని. "కరిగింది చిన్నమ్మా" అని మాత్రం అనగలిగాను.

పదకొండో రోజున ఫొటో ముందు ఆ పేజీ చదవమంది చిన్నమ్మ. కింద ఇప్పుడు ఇలా ఉంది: 'కొండల నుంచి వచ్చిన ఒక ఉస్తాదు పాట. ఎర్బిల్‌లో రొట్టెలు చేస్తూ మా చిన్నాయనకు ఇచ్చాడు. తెలుగు చేసింది వాళ్లిద్దరూ.' నా పేరు ఆ పేజీలో లేదు. ఆయన తీసెయ్యమనలేదు, నేనే తీసేశాను. చుట్టూ ఆయనతో మోకు పట్టినవాళ్లు కూర్చున్నారు. నేను చదవడం మొదలుపెట్టాను. ఏడుపు వస్తుందన్న భయానికో, పాత అలవాటుకో, తొందర తొందరగా పోతున్నాను. రెండో పంక్తిలో చిన్నమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"ఆగు కొడుకా. గాడ మీ చిన్నాయన ఆగుతుండె."

ఆగాను. ఆ ఖాళీలో నేను తలెత్తి చూసింది ఫొటోను కాదు, దాని ముందు పెట్టినవాటిని. ఆయనకు ఇష్టమని లొట్టిలో కల్లు పెట్టారు. పక్కన విస్తరాకులో, తెల్లారకముందే లేచి చిన్నమ్మ తన చేత్తో చేసిన రొట్టె ఉంది. ఇటు ఐదు వేళ్ల గుంటలు, అటు ఐదు. నడుమ వేలు పడని చోట రొట్టె పొంగి ఉంది, నిండా ఊపిరి తీసుకుని పట్టుకున్నట్టు.